తలగాయం ఎలుకల మోడల్: సగం చచ్చిపోతున్నాయి, మిగిలినవి మామూలుగా తిరుగుతున్నాయి. తప్పెక్కడ?

చంపావతి_ఫార్మ్
విజయనగరం పక్కన కాలేజీలో ఎం.ఫార్మ్ ఫార్మకాలజీ ప్రాజెక్టు. సరస్వతి ఆకు ఎక్స్‌ట్రాక్ట్ తలగాయానికి పనికొస్తుందా అన్నది టాపిక్. మోడల్ మర్మరౌ వెయిట్ డ్రాప్ (గొట్టంలోంచి ఎలుక తల మీద బరువు వదిలి గాయం చేసే పద్ధతి): 450 గ్రాముల బరువు, 2 మీటర్ల పీవీసీ గొట్టం, ఎలుక కింద ఫోమ్. విస్టార్ మగ ఎలుకలు, 220 నుంచి 350 గ్రాముల దాకా ఏవి ఉంటే అవి. మత్తు కెటమిన్, జైలజిన్. మందు గాయానికి 7 రోజుల ముందు నుంచి నోటి ద్వారా, కిలోకి 200, 400 మి.గ్రా. మొత్తం 6 గ్రూపులు, గ్రూపుకి 6 ఎలుకలు.

పైలట్‌లో దెబ్బ పడగానే దాదాపు సగం ఊపిరాగి చచ్చిపోతున్నాయి. బతికినవాటిలో కొన్ని మర్నాడు రోటారాడ్ (తిరిగే కడ్డీ) మీద షామ్ ఎలుకలతో (అన్నీ చేసి దెబ్బ మాత్రం కొట్టనివి) సమానంగా నడుస్తున్నాయి. గైడ్ గారు ఎత్తు తగ్గించమంటున్నారు, సీనియర్లు బరువు తగ్గించమంటున్నారు. ఏది తగ్గించాలి? సిరిమానోత్సవం లోపు మోడల్ కుదరాలి.

నాగావళి_గట్టు
ఎత్తూ బరువూ ఇప్పుడే ముట్టుకోకండి. 1994లో వచ్చిన మర్మరౌ మొదటి పేపర్ తీయండి. 450 గ్రాములు 2 మీటర్ల నుంచి వేస్తే 44 శాతం మరణాలు, 12.5 శాతం పుర్రె పగుళ్లు. అదే బరువు 1 మీటరు నుంచి వేస్తే ఒక్కటీ చావలేదు. చనిపోయేది శ్వాస కేంద్రం ఆగిపోయి. ఊపిరి అందిస్తే బతుకుతాయని కూడా అక్కడే ఉంది. అంటే మీకు వస్తున్న చావులు ఆ మోడల్‌కి సహజం. అసలు తేడా రెండో సగంలో ఉంది: బతికినవాటికి దెబ్బ ఒకేలా తగలడం లేదు.

పుర్రె మీద స్టీలు బిళ్ల పెడుతున్నారా? దేనితో అంటిస్తున్నారు? ఫోమ్ ఎక్కడిది? దెబ్బ పడ్డాక బరువు ఎటు పోతోంది?

చంపావతి_ఫార్మ్
బిళ్ల ఉంది, లేత్ మీద చేయించాం. సూపర్ గ్లూతో అంటిస్తున్నాం. ఫోమ్ పరుపుల షాపుది. బరువు బిళ్ల మీద పడి ఒకసారి ఎగిరి మళ్లీ పడుతోంది.

నాగావళి_గట్టు
దొరికింది. ఆ రెండో దెబ్బే సగం గొడవ. మొదటిది ఎంతో మీకు తెలుసు, రెండోది ఎంతో ఎవరికీ తెలియదు. కొన్ని ఎలుకలకి పడుతుంది, కొన్నిటికి పక్కకి జారుతుంది. బరువు తగలగానే ఇంకొకరు ఫోమ్ పెట్టెని ఎలుకతో సహా గొట్టం కింద నుంచి చటుక్కున పక్కకి లాగెయ్యాలి. పెట్టె అడుగున నున్నటి పలక ఉంటే తేలిక. ఇది ఇద్దరి పని, ఒక్కరే చేయకండి.

బిళ్ల 10 మి.మీ. వ్యాసం, 3 మి.మీ. మందం ఉండాలి. కరోనల్ కుట్టుకీ లాంబ్డాయిడ్ కుట్టుకీ (పుర్రె ఎముకల అతుకులు) మధ్య, సరిగ్గా నడి గీత మీద. చర్మం కోశాక ఎముక మీది పొర గీకి, దూదితో పూర్తిగా ఆరబెట్టి డెంటల్ యాక్రిలిక్‌తో అంటించండి. తడి ఎముక మీద ఏదీ పట్టదు. 2 మి.మీ. పక్కకి జరిగితే దెబ్బ ఒకవైపు కేంద్రీకరించి పగులు వస్తుంది. ప్రతి ఎలుకకీ తర్వాత బిళ్ల తీసి పుర్రె చూసి పగులు ఉందో లేదో రాయండి. పగిలినదాన్ని లెక్కలోంచి తీసెయ్యాలి, ఆ నియమం మొదలుపెట్టక ముందే కాగితం మీద ఉండాలి.

ఫోమ్ ఈ మోడల్‌లో పరికరం కింద లెక్క. తల ఎంత దూరం కిందకి పోతుంది, ఎంత వేగంగా ఆగుతుంది అన్నది అదే నిర్ణయిస్తుంది. మెదడులో నరాల తీగలు సాగి తెగేది ఆ త్వరణానికే. మూల పేపర్‌లో ఫోమ్ గట్టిదనం కూడా నిర్దేశించారు. పరుపుల షాపు ఫోమ్ వాడినా పరవాలేదు, ఒకే షీటు నుంచి ముక్కలన్నీ కోయించుకోండి. దాని మీద 1 కిలో రాయి పెట్టి ఎన్ని మి.మీ. నొక్కుకుందో కొత్తప్పుడు కొలిచి, ప్రతి ప్రయోగం రోజు ఉదయం మళ్లీ కొలవండి. మన సముద్రపు తేమకి, మళ్లీ మళ్లీ దెబ్బలకి ఫోమ్ మెత్తబడుతుంది. జూన్‌లో చేసిన ఎలుకకీ సెప్టెంబరులో చేసిన ఎలుకకీ గాయం తేడా రావడానికి అదొక్కటి చాలు.

బొబ్బిలి_వీణ
పెళ్లికి పరుపు కొనేటప్పుడు కూడా ఫోమ్ గురించి ఇంత మాట్లాడుకోరు 😀 కానీ నిజమే, నేను చూసిన థీసిస్‌లలో ఒక్కదానిలోనూ ఫోమ్ మందం కూడా రాయలేదు.

గొట్టం సంగతి నేను చెప్తాను. పీవీసీ గొట్టం ఎండకి వంగుతుంది. తూకపు దారం వేలాడదీసి నిలువు చూడండి. బరువు గోడలకి రాసుకుంటూ దిగితే వేగం పోతుంది. లెక్క ప్రకారం 2 మీటర్లకి సెకనుకి 6.26 మీటర్ల వేగం రావాలి, శక్తి 8.8 జూల్స్. గొట్టం అడుగున 10 సెం.మీ. ఎడంలో రెండు ఇన్‌ఫ్రారెడ్ సెన్సార్లు పెట్టి ఆర్డ్యునోకి కలపండి, బీటెక్ పిల్లలెవరైనా చేసిపెడతారు. ఆ 10 సెం.మీ. దాటడానికి 16 మిల్లీసెకన్లు పట్టాలి. 18 వస్తోందంటే శక్తిలో ఐదో వంతు గొట్టం తినేసినట్టే. ఫోన్ స్లో మోషన్ సరిపోదు, 240 ఫ్రేముల్లో నాలుగే ఫ్రేములు దొరుకుతాయి. లోపల గాలి కుషన్‌లా అడ్డుపడకుండా గొట్టానికి అక్కడక్కడ చిల్లులు కూడా పెట్టించండి.

అరసవల్లి_క్యాజువాల్టీ
పరికరం గురించి మాట్లాడుతున్నారు బాగుంది. అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. గాయానికి 7 రోజుల ముందు నుంచి మందు అంటే ఏమిటమ్మా? వచ్చే బుధవారం బండి మీంచి పడతానని తెలిసి ఈ బుధవారం నుంచి ఆకు తినేవాడు ఎవరు?

శ్రీకాకుళం క్యాజువాల్టీకి తలగాయం ఎలా వస్తుందో చెప్తాను. ఇచ్ఛాపురం వైపు హైవే మీద పడితే వంద కిలోమీటర్లు దాటిన దూరం. సీతంపేట కొండల్లోంచి అయితే ముందు కిందకి దింపాలి, తర్వాత అంబులెన్స్. మధ్యలో ఒక ఆసుపత్రి, అక్కడ కుట్లు, అక్కడి నుంచి రిఫర్. సీటీ అయ్యేసరికి మూడు నాలుగు గంటలు సులువుగా దాటతాయి. సర్జరీ కావాలంటే మళ్లీ విశాఖ. ఈ మనిషికి పనికొచ్చే మందు కావాలి నాకు. ఎలుకకి గాయమయ్యాక 3, 4 గంటలకి మొదటి డోసు ఇచ్చి చూడండి. అప్పుడు పనిచేస్తే చెప్పండి, నేనే వచ్చి మీ పోస్టరు ముందు నిలబడతాను.

గంటస్తంభం_మేష్టారు
డాక్టరు గారి ఆవేదన అర్థమైంది గానీ, ముందస్తు మందు పూర్తిగా దండగ అనడం సరికాదు. మొదటి మెట్టులో అడిగేది ఈ పదార్థానికి మెదడు మీద ఏదైనా ప్రభావం ఉందా అని. ముందే ఇచ్చినా లేకపోతే, తర్వాత ఇస్తే ఎక్కడ ఉంటుంది? ఎం.ఫార్మ్ స్థాయికి అది చాలు. ఆక్సీకరణ ఒత్తిడి తగ్గింది, ఎంజైములు పెరిగాయి అని చూపించాక ఇంకొకరు కొనసాగిస్తారు.

ఉద్దానం_జీడి
మేష్టారూ, ఆ ఇంకొకరు ఏ ఏటికి ఆ ఏడు రారండి. అందరూ మొదటి మెట్టు మీదే నిలబడిపోతే ఎలాగ? ముందస్తు మందుతో వచ్చిన ఫలితం రక్షణ గురించి చెప్తాది, చికిత్స గురించి కాదు. టైటిల్‌లో మాత్రం చికిత్స అని రాస్తారు. అదే నా బాధ.

గంటస్తంభం_మేష్టారు
టైటిల్ విషయంలో మీతో ఏకీభవిస్తాను. రక్షణ అని రాయాలి.

కళింగపట్నం_దీపం
నేను ఇదే రంగంలో. డాక్టరు గారి పక్షం, కానీ కారణం కాస్త వివరంగా చెప్పాలి.

ప్రొజెస్టిరాన్ హార్మోను సంగతి తీసుకోండి. ఎలుకల్లో ఏళ్ల తరబడి మంచి ఫలితాలు వచ్చాయి, రెండు చిన్న మానవ పరీక్షల్లోనూ ఆశ కనిపించింది. తర్వాత పెద్ద మానవ పరీక్షలు: ప్రొటెక్ట్-3లో 882 మంది, గాయమైన 4 గంటల్లోపు. సినాప్స్‌లో 1195 మంది, 8 గంటల్లోపు. రెండూ 2014 డిసెంబరులో ఒకేసారి వచ్చాయి, రెండింటిలోనూ ప్రయోజనం లేదు. స్టిరాయిడ్‌ది ఇంకా దారుణం: 2004 క్రాష్ పరీక్షలో 10,008 మంది, రెండు వారాల్లో చనిపోయినవాళ్లు స్టిరాయిడ్ వైపు 21.1 శాతం, ప్లాసిబో వైపు 17.9. దశాబ్దాలు ఇచ్చిన మందు మనుషుల్ని చంపుతోందని అప్పుడు తేలింది.

ఎందుకిలా అంటే, ఎలుకలన్నీ ఒకే వయసు, ఒకే జాతి, ఒకే దెబ్బ, ఊపిరీ బీపీ ఎక్కువగా నిలకడ, మందు నిమిషాల్లో పడుతుంది. మనిషికి ఒకడికి కాంట్యూజన్ (మెదడు కమిలిపోవడం), ఒకడికి సబ్‌డ్యూరల్ (మెదడు పొర కింద రక్తం గడ్డ), ఒకడికి డిఫ్యూజ్ ఆక్సోనల్ (నరాల తీగలు చెల్లాచెదురుగా తెగడం), దారిలో ఆక్సిజన్ పడిపోయి, మద్యం తాగి. ఈ తేడా తట్టుకోగలిగే మందేదో చూడటానికి అమెరికాలో ఆపరేషన్ బ్రెయిన్ ట్రామా థెరపీ అని పిట్స్‌బర్గ్ కొచనెక్ నాయకత్వంలో మొదలుపెట్టారు. ఒకే మందుని మూడు మోడళ్లలో వేర్వేరు ల్యాబుల్లో పరీక్షించారు: ఫ్లూయిడ్ పెర్కషన్ (ద్రవపు ఒత్తిడి దెబ్బ), కంట్రోల్డ్ కార్టికల్ ఇంపాక్ట్ (యంత్రపు కడ్డీతో మెదడు మీద దెబ్బ), చొచ్చుకుపోయే గాయం. మొదటి ఐదు నికోటినమైడ్, ఎరిథ్రోపోయిటిన్, సైక్లోస్పోరిన్, సింవాస్టాటిన్, లెవెటిరాసెటమ్. 2016లో ఫలితాలు వచ్చాయి. మిగతావాటి కంటే నిలబడినది లెవెటిరాసెటమ్, మన ఫిట్స్ మందు. ఒక మోడల్‌లో మెరిసిన మందు ఇంకో మోడల్‌లో పనిచేయలేదు, ఒకటి రెండు హాని కూడా చేశాయి. ఒక్క మోడల్ ఫలితం మీద నమ్మకం పెట్టుకోకూడదని అక్కడ చేతికి చిక్కిన రుజువు.

అరసవల్లి_క్యాజువాల్టీ
దానికి ఇంకొకటి కలపండి. సిటికొలిన్, మెదడు కోలుకోడానికని రాసే మందు. కోబ్రిట్ పరీక్ష, 2012, 1213 మంది, రోజుకి 2000 మి.గ్రా. చొప్పున 90 రోజులు. తేడా ఏమీ లేదు. అయినా మన దగ్గర డిశ్చార్జి చీటీల్లో ఇంకా రాస్తూనే ఉన్నారు. జీడి తోటలో కూలి చేసుకునే కుటుంబం నెలంతా ఆ మాత్ర కొంటుంది. ఎలుకలో సరిగా పరీక్షించని మందు చివరికి ఎవరి జేబు దగ్గర ఆగుతుందో తెలియాలి.

పనిచేసినది ట్రానెక్సామిక్ యాసిడ్ (రక్తస్రావం ఆపే మందు), అదీ షరతులతో. క్రాష్-3, 2019. 3 గంటల్లోపు 1 గ్రాము 10 నిమిషాల్లో, తర్వాత 8 గంటల్లో ఇంకో గ్రాము. లాభం కనిపించింది తేలికపాటి, మధ్యస్థ గాయాల్లో. తీవ్ర గాయంలో స్పష్టంగా లేదు. ఆలస్యమయ్యే కొద్దీ లాభం కరిగిపోతుంది. అందుకే గంటల గురించి గొంతు చించుకుంటున్నాను.

చంపావతి_ఫార్మ్
సరే, గాయం తర్వాతే ఇస్తాను. కానీ స్పృహ లేని ఎలుకకి గొట్టంతో నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోదా?

కళింగపట్నం_దీపం
పోతుంది. ఒళ్లు తిప్పుకుని లేచి, మింగడం వచ్చాకే గవేజ్ (గొట్టంతో కడుపులోకి మందు). 3 గంటలకి మీ ఎలుకలు లేచే ఉంటాయి, లేవనిదానికి ఇవ్వకూడదు. తలగాయంలో పొట్ట ఖాళీ అవడం కూడా నెమ్మదిస్తుంది, కాబట్టి నోటి డోసు రక్తంలోకి ఎక్కడం ఆలస్యం. పచ్చి ఎక్స్‌ట్రాక్ట్‌ని ఇంట్రాపెరిటోనియల్‌గా (కడుపు కుహరంలోకి సూదితో) ఇవ్వాలనే ఆలోచన వద్దు, కడుపు పొర వాచి ఆ నొప్పికే ఎలుక కదలదు, మీరు దాన్ని మెదడు లోపం అని రాస్తారు.

మోతాదు లెక్క ఇప్పుడే వేసుకోండి. ఎలుక 400 మి.గ్రా./కిలోని మనిషికి మార్చాలంటే 6/37తో గుణించాలి: దాదాపు 65 మి.గ్రా./కిలో. 60 కిలోల మనిషికి 3.9 గ్రాముల ఎక్స్‌ట్రాక్ట్. కోమాలో ఉన్నవాడికి రైల్స్ ట్యూబులో (ముక్కు నుంచి కడుపులోకి వేసే గొట్టం) అంత పోయగలరా డాక్టరు గారూ?

అరసవల్లి_క్యాజువాల్టీ
మొదటి రోజు అసాధ్యం. వాంతి, ఆస్పిరేషన్ (ఊపిరితిత్తుల్లోకి పోవడం). అందులో ఉన్న అసలు పదార్థం వేరుచేసి ఇంజక్షన్‌గా రావాలి.

కళింగపట్నం_దీపం
అందుకే ఎక్స్‌ట్రాక్ట్‌ని కనీసం ఏసియాటికోసైడ్ (ఈ ఆకులోని ముఖ్య పదార్థం) శాతం కొలిచి స్టాండర్డైజ్ చేయండి. బ్యాచ్ మారితే ఆ శాతం మారుతుంది, ఆకు కోసిన నెల మారినా మారుతుంది. మొత్తం ప్రయోగానికి ఒకే బ్యాచ్ చేసి ఫ్రీజర్‌లో పెట్టుకోండి. మొక్కని వృక్షశాస్త్రం వాళ్ల చేత గుర్తింపు చేయించి నమూనా హెర్బేరియంలో దాచండి.

తోటపాలెం_వెట్
మత్తు గురించి ఎవరూ అనలేదు. కెటమిన్ మెదడు కణాల మీద గ్లూటమేట్ రసాయనాన్ని అందుకునే ఎన్ఎండీఏ రిసెప్టర్‌ని ఆపుతుంది. గాయం తర్వాత గ్లూటమేట్ విషం పనిచేసేది ఆ రిసెప్టర్ ద్వారానే. అంటే మీ కంట్రోలు ఎలుకలకి కూడా ఒక మెదడు రక్షణ మందు ఎక్కించాకే దెబ్బ కొడుతున్నారు. జైలజిన్ రక్తంలో చక్కెర పెంచుతుంది, ఊపిరి నెమ్మదింపజేస్తుంది. అసలే ఊపిరాగే మోడల్. మీ చావుల్లో కొన్ని దానివి.

ఐసోఫ్లూరేన్‌కి మారండి: 4 శాతంతో పడుకోబెట్టి, 2 శాతం మీద నడపండి. అదీ కొంత రక్షణ ఇస్తుంది, మత్తు ఏదైనా అంతే. కానీ దించగానే వెళ్లిపోతుంది, ప్రతి ఎలుకకీ నిమిషాలు సమానంగా పెట్టవచ్చు. ఇంకో లాభం, వెల్లకిలా పడుకోబెట్టి తనంతట తాను బోర్లా తిరిగే సమయం కొలవవచ్చు. గాయం తగిలినదీ లేనిదీ అక్కడికక్కడే తెలిసే కొలత అదొక్కటే. షామ్ ఎలుక కొద్ది నిమిషాల్లో తిరుగుతుంది, గాయపడినది బాగా ఆలస్యం. కెటమిన్ కింద ఆ తేడా మత్తులో కలిసిపోతుంది.

ఊపిరి: దెబ్బకి ముందే 14 లేదా 16 గేజ్ ఐవీ క్యాన్యులాతో ఇంట్యుబేట్ చేసి, దెబ్బ తర్వాత చిన్న జంతువుల వెంటిలేటరు, కిలోకి 7 నుంచి 10 మి.లీ., నిమిషానికి 60 నుంచి 80 సార్లు. షామ్‌తో సహా అన్నిటికీ ఒకే సమయం. కొన్నిటికి ఊపిరి ఇచ్చి కొన్నిటికి ఇవ్వకపోతే రెండు రకాల గాయాలు కలిపి ఒక సగటు తీసినట్టవుతుంది.

వేడి: ఇది ప్రాణం. మత్తులో ఉన్న ఎలుక ఏసీ గదిలో వేగంగా చల్లబడుతుంది. చల్లబడిన మెదడు గాయాన్ని తట్టుకుంటుంది. 1990లో జెర్బిల్స్ (ఎలుక లాంటి చిన్న జంతువులు) మీద తేలిన సంగతి ఇదే: మెదడు స్ట్రోకులో గొప్పగా రక్షిస్తుందనుకున్న ఎంకే-801 చాలావరకు ఒంటి వేడి తగ్గించడం వల్లే రక్షించింది. మీ ఎక్స్‌ట్రాక్ట్ ఎలుకని మగతగా పడుకోబెట్టి ఒక డిగ్రీ తగ్గించినా మందు పనిచేసినట్టే కనపడుతుంది. మలద్వారం ప్రోబు, 37 పైన కింద అర డిగ్రీ, వేడి పలక. లేచేదాకా, డోసు తర్వాత కూడా గంటకోసారి రాయండి. కరెంటు పోతే వేడి పలక ఆగుతుంది, కాబట్టి దాన్ని ఇన్వర్టరు మీద పెట్టండి.

ఉద్దానం_జీడి
ఏసీ కూడా ఆగుతాది. మే నెలలో మధ్యాహ్నం యానిమల్ హౌస్ 35 దాటితే ఎలుకలన్నీ సొమ్మసిల్లి పడుంటాయి. గది 22, పైన కింద 3 డిగ్రీలు. జనరేటరు లేనిచోట ఎండాకాలం బ్యాచ్ పెట్టకపోవడమే మేలు. హైదరాబాదు నుంచి ఎలుకలు వచ్చాక కూడా కనీసం వారం ఊరుకోవాల, అంత దూరం ప్రయాణం చేసిన ఎలుక రోటారాడ్ మీద ఏం నిలబడతాది?

తోటపాలెం_వెట్
నిజం. బరువు సంగతి కూడా: 220 గ్రాముల ఎలుక పుర్రె వేరు, 350 గ్రాముల ఎలుక పుర్రె వేరు. మర్మరౌకి 350 నుంచి 375 మధ్యవి మాత్రమే తీసుకోండి. మీ రెండు రకాల ఫలితాలకీ ఇది కూడా కారణం.

నొప్పికి కోత అంచుల్లో బుపివకైన్ (తిమ్మిరి మందు). బుప్రెనార్ఫిన్ 0.05 మి.గ్రా./కిలో దొరికితే మంచిది, అనుమతి కాగితాలు ఉండాలి. మెలోక్సికామ్ వాపుని మార్చేస్తుంది, వాపు కొలిచే ప్రాజెక్టులో జాగ్రత్త. ఏది ఇచ్చినా అన్ని గ్రూపులకీ ఒకేలా. బరువు 20 శాతం తగ్గినా, తినక తాగక మూలన పడి ఉన్నా బాధ లేకుండా ముగించాలి. ఎత్తు మార్చినా, మత్తు మార్చినా, డోసు సమయం మార్చినా ముందు ఐఏఈసీకి (కాలేజీ జంతు ప్రయోగాల నైతిక కమిటీ) సవరణ పెట్టండి. అనుమతి ఉన్నది మీరు ముందు పెట్టిన దరఖాస్తు (ఫారమ్ బి) ప్రకారం కదా.

వంశధార_77
ఇంత తలనొప్పి ఎందుకు, ఫ్లూయిడ్ పెర్కషన్‌కి మారిపోతే?

నాగావళి_గట్టు
తలనొప్పి చోటు మారుతుంది అంతే. పుర్రెకి 4.8 మి.మీ. రంధ్రం, డ్యూరాకి (మెదడు పైపొర) గీత కూడా పడకూడదు. దాని మీద లూయర్ హబ్ యాక్రిలిక్‌తో. లోలకం సుత్తి సెలైన్ గొట్టం చివర పిస్టన్‌ని కొడితే 20 మిల్లీసెకన్ల ఒత్తిడి తరంగం మెదడుకి తగులుతుంది, మధ్యస్థ గాయానికి 2 నుంచి 2.5 అట్మాస్ఫియర్లు. గొట్టంలో గాలి బుడగ ఒక్కటుంటే తరంగం మొనదేలకుండా చదునవుతుంది. ఓ-రింగు ఎండితే పిస్టన్ పట్టేస్తుంది. తరంగం ఆకారం ప్రతిసారీ ఆసిలోస్కోపు మీద చూడకపోతే ఆ అంకెకి అర్థం లేదు. పైగా రంధ్రం చేయడమే గాయం. డ్రిల్లు వేడికి, ఒత్తిడికి కింద కార్టెక్స్ దెబ్బతింటుంది, అందుకని షామ్‌తో పాటు ఏమీ చేయని గ్రూపు కూడా కావాలి. మర్మరౌలో కనీసం పుర్రె మూసే ఉంటుంది, మన రోడ్డు ప్రమాదాలకి దగ్గర. ఉన్నదాన్నే బాగుచేసుకోండి.

చంపావతి_ఫార్మ్
గ్రూపుకి 6 చాలవా? అందరూ 6 పెడతారు.

కళింగపట్నం_దీపం
చాలవు. రెండు గ్రూపుల సగటుల మధ్య తేడా ఒక స్టాండర్డ్ డీవియేషన్ ఉంటుందనుకుంటే, 80 శాతం పవర్‌కి (ఉన్న తేడాని పట్టుకునే అవకాశం) గ్రూపుకి 17 ఎలుకలు చివరిదాకా మిగలాలి. 30 శాతం చనిపోతాయనుకుంటే గాయం గ్రూపులు 25తో మొదలవ్వాలి. అందుకే గ్రూపులు తగ్గించండి. షామ్ విత్ వెహికిల్ (మందు లేని ఉత్త ద్రావణం), గాయం విత్ వెహికిల్, గాయం విత్ ఒక డోసు. మూడు చాలు. ఆరు గ్రూపుల్లో 36 ఎలుకల్ని ఏమీ తేలకుండా చంపడం కంటే మూడు గ్రూపుల్లో ఎక్కువ వాడి ఒక సమాధానం తెచ్చుకోవడం వాటి పట్ల కూడా న్యాయం.

చీటీ తీయాల్సింది గాయమయ్యాక, ఎలుక లేచాక. ముందే గ్రూపులు పంచేస్తే తెలియకుండానే చెయ్యి తేడా వస్తుంది. మందు ఆకుపచ్చగా ఉంటుంది, వెహికిల్‌గా ఇచ్చే 0.5 శాతం సీఎంసీ తెల్లగా. కాబట్టి డోసు ఇచ్చేవాళ్లు వేరు, స్కోరు వేసేవాళ్లు వేరు. సీసాల మీద ఎ, బి మాత్రమే. ఏది మందో చెప్పే చీటీ మూడో మనిషి దగ్గర. ఎన్ని చనిపోయాయి, ఏ గ్రూపులో, ఎప్పుడు అన్నది థీసిస్‌లో పట్టికగా ఉండాలి. బతికినవాటి సగటు మాత్రమే చూపిస్తే మందు వల్ల బలహీనమైనవి ముందే పోయి బలమైనవి మిగిలాయేమో ఎవరికి తెలుసు? జంతు ప్రయోగాలు ఎలా రాయాలో చెప్పే అరైవ్ 2.0 పత్రం 2020లో వచ్చింది, అది ముందు పెట్టుకుని ప్లాను రాసుకోండి. వీలుంటే ఆడ ఎలుకలు కూడా.

బొబ్బిలి_వీణ
కొలతల సంగతి. ఎండీఏ, జీఎస్‌హెచ్ (ఆక్సీకరణ ఒత్తిడి కొలతలు) మీద ఆధారపడకండి. ఎండీఏ కొలిచే టీబార్స్ పరీక్షకి ఎండీఏ ఒక్కటే రంగు ఇవ్వదు, చక్కెరలు కూడా ఇస్తాయి. టీటీసీ రంగు కూడా వద్దు, అది ఒకచోట చచ్చిన ముద్ద చూపించడానికి, మీ మోడల్‌లో గాయం చెల్లాచెదురుగా ఉంటుంది. కార్పస్ కలోసమ్‌లో (మెదడు రెండు సగాల్ని కలిపే నరాల కట్ట), బ్రెయిన్ స్టెమ్‌లో బీటా ఏపీపీ (తెగిన తీగల్లో పేరుకునే ప్రొటీను) రంగు వేసి ఉబ్బిన ఆక్సాన్లు (నరాల తీగలు) లెక్కపెట్టండి. రెండు నమూనాలే చేయగలిగినా అదే అసలు సాక్ష్యం.

మెదడు నీటి శాతం తేలిక, 24 గంటలకి చూడండి. తీసిన మెదడుని నిమిషాల్లో తూచాలి. 100 డిగ్రీల ఓవెన్‌లో 24 గంటలు. మామూలు ఎలుక మెదడులో నీరు 78, 79 శాతం, వాస్తే ఒకటి రెండు శాతమే పెరుగుతుంది. మీరు వెతుకుతున్నది ఆ ఒక్క శాతం. ఓవెన్‌లోంచి తీసి బల్ల మీద చల్లారబెడితే మన గాలి తేమని ఎండు మెదడు పీల్చేసుకుంటుంది, త్రాసు మీద అంకె మీ కళ్ల ముందే పెరుగుతూ ఉంటుంది. సిలికా జెల్ ఉన్న డెసికేటరులో చల్లార్చి, ఒక్కొక్కటే తీసి వెంటనే తూచండి. జెల్ గులాబీ రంగుకి మారితే మళ్లీ వేడిచేసి నీలం చేసుకోవాలి.

గంటస్తంభం_మేష్టారు
వాటర్ మేజ్ (నీళ్లలో దాచిన వేదికని ఎలుక ఈది వెతికే జ్ఞాపక పరీక్ష) గురించి నేను చెప్తాను. ఎలుకలకి తొట్టి కనీసం 1.5 మీటర్ల వ్యాసం, వేదిక 10 సెం.మీ., నీటి మట్టానికి 1 లేదా 2 సెం.మీ. కింద. నీరు 25 డిగ్రీలు. ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లు ఎండాకాలం నేరుగా పడితే ఆ వేడికి ఎలుక తీరిగ్గా తేలుతుంది, వెతకదు. మరీ చల్లగా ఉంటే ఒళ్లు బిగుసుకుంటుంది. పాలపొడి కలిపితే మన ఉక్కకి రెండో రోజుకే కంపు, విషం లేని తెల్ల టెంపరా రంగు వాడండి. రోజుకి 4 సార్లు, వేర్వేరు దిక్కుల నుంచి, చివర్లో వేదిక తీసేసి, అది ఉన్న చోటే వెతుకుతుందా చూసే ప్రోబ్ పరీక్ష.

ఎక్కువమంది వదిలేసేది ఇది: కనపడే వేదిక పరీక్ష. ఈదడమే రాని ఎలుక, చూపు మందగించిన ఎలుక ఆలస్యంగా చేరితే దాన్ని జ్ఞాపకలోపం అని రాసేస్తారు. ఈత వేగం గ్రూపుల మధ్య ఒకటేనా చూడండి. గోడ పట్టుకుని తిరిగే సమయం విడిగా రాయండి, అది భయం. గాయమైన వారం లోపు మేజ్ వద్దు, బీమ్ వాక్ (సన్నటి పట్టీ మీద నడక) పెట్టుకోండి. మేజ్ రెండు వారాల తర్వాత.

అరసవల్లి_క్యాజువాల్టీ
మేష్టారు గారూ, ఇది చాలా విలువైన మాట. మా రోగుల ఇంట్లోవాళ్లు ఆరు నెలలకి వచ్చి చెప్పేది కూడా ఇదే: నడుస్తున్నాడు, తింటున్నాడు, కానీ సంతకి పంపితే ఏం కొనాలో మర్చిపోతున్నాడు. 24 గంటల ఎంజైము అంకె నాకు దాని గురించి ఏమీ చెప్పదు. ఎలుకల్ని నెల దాకా ఉంచి చూడగలిగితే ఉంచండి.

చంపావతి_ఫార్మ్
గైడ్ గారికి ఈ చర్చ చూపించాను, ఒప్పుకున్నారు. మార్చిన ప్లాను: 350 నుంచి 375 గ్రాముల ఎలుకలు మాత్రమే. ఐసోఫ్లూరేన్, ఇంట్యుబేషన్. వేగం సెన్సార్లు. ముందు మందు లేకుండా 1 మీటరు, 1.5 మీటర్లు, 2 మీటర్లు పోల్చి తిరిగే సమయం, నీటి శాతం, మరణాలు చూసి ఎత్తు ఎంచుకుంటాం. తర్వాత మూడు గ్రూపులు, గాయమైన 3 గంటలకి మొదటి డోసు, తర్వాత 12 గంటలకోసారి 5 రోజులు. ఐఏఈసీ సవరణ రాస్తున్నాను. సిరిమానోత్సవం లోపు ఎత్తు తేలితే చాలన్నారు. టైటిల్‌లో రక్షణ తీసేసి చికిత్స ఉంచుతున్నాం, మేష్టారు గారు అభ్యంతరం చెప్పరనుకుంటాను.

గంటస్తంభం_మేష్టారు
3 గంటలకి ఇస్తే అది చికిత్సే. ఉంచండి.

తోటపాలెం_వెట్
12 గంటల డోసు అంటే ఒకటి రాత్రి పడుతుంది. లైట్లు వేయకండి, మసక ఎర్ర లైటు చాలు, లేకపోతే 12 గంటల వెలుగు చక్రం చెడి నిద్ర పోతుంది, నిద్ర పోయిన ఎలుక మేజ్‌లో ఎటూ తప్పుతుంది. దెబ్బలన్నీ ఉదయం ఒకే వేళకి పెట్టుకోండి.

నాగావళి_గట్టు
ఎత్తు పోల్చే మూడు రోజులూ ఒకే ఫోమ్ ముక్క మీద చేయకండి. ఒకే షీటు నుంచి మూడు ముక్కలు, మూడింటికీ రాయి కొలత. అంకెలు వచ్చాక ఇక్కడే పెట్టండి, సెన్సారు మిల్లీసెకన్లతో సహా.